టోపీ వెల

మన భాషలో ఒకరికి టోపీ వేయడమంటే వారిని మోసగించడమని అర్థం. ఈ పలుకుబడి ఎలా పుట్టినా, ఎండలు మెండుగా కాసే దేశంలో టోపీకి ఇంతకంటే పెద్ద గౌరవం దక్కకపోవడంలో వింత లేదు. తలకు వేడి తగ్గించుకోవడమే మన చింత గాని పెంచుకోవడం కాదు. ధనుర్మాసపు తెల్లవారుజామున చెవులు మూసుకుపోయేటట్లు మంకీ క్యాపు తగిలించుకుని పాలపాకెట్టు కోసం బయలుదేరిన పెద్దమనిషిని చూసి పిల్లలు నవ్వుకోవడం నేటికీ కద్దు.

అయితే భగవంతుడు మన ఎండను అన్ని దేశాలకూ సమంగా పంచిపెట్టలేదు. ఏడాదిలో నాలుగైదు నెలలు మంచు కప్పుకుని ఉండే నగరాలలో నేడు ఎందరో తెలుగు బిడ్డలు చదువుకుంటున్నారు, కొలువులు చేస్తున్నారు, కాపురాలు చేస్తున్నారు. అక్కడ టోపీ అలంకారం కాదు. చెప్పులవలె, గొడుగువలె నిత్యావసరం. అందువల్ల ఆ బిడ్డకో, ఆ బిడ్డ బిడ్డకో తన చేతితో ఒక ఉన్ని టోపీ అల్లి పంపాలన్న కోరిక ఇక్కడి తల్లికి, అత్తకు, స్నేహితురాలికి కలగడం సహజమే. కలిగిన కోరిక ఒక్క రంగుతో తృప్తి పడదు. రెండు మూడు రంగులు కలిపి, చుట్టూ పువ్వులో నక్షత్రాలో తిరిగేటట్లు అల్లాలనిపిస్తుంది. అప్పుడు నేర్చుకోవలసిన విద్యయే రంగుల అల్లిక.

“కొట్టులో దొరికే దానికి ఇంత శ్రమ ఎందుకు?” అని అడిగేవారు ప్రతి ఇంటా ఉంటారు. ప్రశ్న న్యాయమైనదే, దానికి సూటిగా సమాధానం చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. టోపీ పెట్టుకున్న వారికి వెచ్చదనం ఎలాగూ దక్కుతుంది. అల్లిన వారికి దక్కే లాభం మరొకటి ఉన్నది. చేతిపనికి అసలు వెల ఎంతో ఆ మనిషికి జీవితంలో మొదటిసారి తెలుస్తుంది. ఆ వెల తెలియకపోవడంవల్ల, తెలిసీ తెలియనట్లు నటించడంవల్ల, లోకం అల్లేవారికి ఎన్ని టోపీలు వేసిందో చరిత్రలో దాఖలాలున్నాయి.

ముందుగా ఈ విద్య పుట్టిల్లు చూద్దాము. రంగుల అల్లికకు నార్వేలోను, బాల్టిక్ తీరంలోను, దక్షిణ అమెరికా కొండలలోను వేరువేరు సంప్రదాయాలు ఉన్నాయి. పెరూ దేశంలో టిటికాకా సరస్సు నడుమనున్న తకీలే దీవిలో చెవులు కప్పే రంగుల టోపీలు అల్లేది మగవారే. పెళ్లికాని వాని టోపీకి, పెళ్లయిన వాని టోపీకి రంగులలో తేడా ఉంటుంది. అల్లిక ఆడవారి కాలక్షేపమనుకునే మనవారు ఈ సంగతి గుర్తుంచుకోదగినది. అయితే పేరు లోకమంతటా మారుమోగినది మాత్రం ఫేర్ ఐల్ అనే చిన్న దీవిది. స్కాట్లండుకు ఉత్తరాన, ఆర్క్నీ దీవులకూ షెట్లండ్ దీవులకూ నడుమ సముద్రంలో అది ఒంటరిగా నిలిచి ఉన్నది. పొడవు మూడు మైళ్లు, వెడల్పు ఒకటిన్నర మైలు. జనం నూటికి లోపే. గాలి ఎడతెరపి లేని ఆ చోట చెట్లకంటే గొర్రెలు ఎక్కువ. షెట్లండ్ గొర్రె చిన్నది; దాని ఉన్ని మెత్తనిది. అద్దకం అవసరం లేకుండానే తెలుపు, బూడిద, నలుపు, గోధుమ వన్నెలు దాని ఒంటిమీదనే దొరుకుతాయి. మన తెలంగాణపు గొంగళి నల్లదనం దక్కనీ గొర్రె ఇచ్చినదే గదా! అదే పద్ధతి అక్కడా.

ఈ దీవి అల్లికను గురించి ఒక కట్టుకథ ప్రచారంలో ఉన్నది. 1588లో ఇంగ్లండుమీదికి దండెత్తిన స్పెయిను నౌకాదళంలోని ఎల్ గ్రాన్ గ్రిఫోన్ అనే ఓడ ఫేర్ ఐల్ ఒడ్డున పగిలిపోయింది. ఇంతవరకు చరిత్ర. ప్రాణాలతో బయటపడిన ఆ నావికులే దీవి స్త్రీలకు ఈ రంగుల నమూనాలు నేర్పి పోయారన్నది కథ. దానికి ఆధారం ఏదీ లేదు. మరొకవైపు 1951లో షెట్లండ్‌లోని గనిస్టర్ అనే చోట బురదనేలలో ఒక మనిషి శవం బయటపడింది. అతని బట్టలు 17వ శతాబ్దం చివరి కాలానివి. వాటిలో ఉన్ని టోపీలు ఉన్నాయి. రంగుల నమూనాతో అల్లిన ఒక చిన్న డబ్బు సంచి కూడా ఉన్నది. ఆ దీవులలో రెండు రంగుల అల్లికకు దొరికిన పాత ఆనవాళ్లలో అది ఒకటి. ఉత్తర సముద్రంలో రాకపోకలు చేసిన నావికులు, బెస్తలు, వర్తకులు తెచ్చిన వస్తువులను చూసి, చుట్టుపక్కల దేశాల నమూనాలు గ్రహించి, తమవి కలిపి, ఆ స్త్రీలే ఈ విద్యను పెంచుకున్నారనుకోవడం సమంజసం. అయినా స్పెయిను నావికుల కథ చావలేదు. ఎందుకంటే, పేద ఇంటి ఆడది తన తెలివితో ఒక కళను నిర్మించిందని నమ్మడంకంటే, ఓడ పగిలి వచ్చిన పరాయి మగవాడు నేర్పాడని నమ్మడం లోకానికి సులువు. పనికి వెల కట్టకపోవడం ఇక్కడే మొదలవుతుంది.

ఇక విద్య సంగతి. చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేయగల మన ఆడపడుచులకు ఈ అల్లిక నమూనా చదవడం కష్టం కాదు. గళ్ల కాగితంమీద ఒక్కొక్క గడి ఒక్కొక్క కుట్టు. నల్ల గడి వచ్చినచోట ఒక రంగు, తెల్ల గడి వచ్చినచోట మరొక రంగు. చూసేవారికి టోపీలో ఏడెనిమిది రంగులు కనిపించవచ్చును. కాని ఫేర్ ఐల్ పద్ధతిలో ఒక చుట్టులో రెండు రంగులకు మించి వాడరు. నాలుగు చుట్లకొకమారు నేల రంగునో, పువ్వు రంగునో మారుస్తూ పోవడంవల్ల ఆ వైభవం కలుగుతుంది. వాడేవి కొద్ది, కనిపించేవి మిక్కుటం. ఇది పేద ఇంటి నేర్పు.

టోపీని గుండ్రని సూదిమీద చుట్టుచుట్టూ అల్లుతారు. అందువల్ల నమూనా ముఖం ఎప్పుడూ మనవైపే ఉంటుంది. తిరగవేసి అల్లే బాధ లేదు. ఒక రంగు పోగు కుడిచేతిలో, రెండవది ఎడమచేతిలో పట్టుకుంటే రెండూ చిక్కుపడవు. మొదటి దినాలలో ఒక చేయి మాట వింటుంది, రెండవది వినదు. కొత్త కోడలు, పాత అత్త కలిసి వంటింట్లో మెలగడం నేర్చుకున్నట్లు ఆ రెండు చేతులూ కొంతకాలానికి రాజీకి వస్తాయి. రెండింటిలో కిందినుంచి నడిచే పోగు కుట్టు రవ్వంత పెద్దదై ముందుకు కనిపిస్తుంది. అందుచేత పువ్వు రంగును ఎప్పుడూ కిందినుంచే నడపాలి. మధ్యలో మార్చితే సగం పువ్వు ఉబ్బి, సగం పువ్వు అణగి కనిపిస్తుంది. ఎందుకు చెడిందో తెలియక అల్లినవారు నిర్ఘాంతపోతారు.

రంగుల ఎంపికలో ఒక మోసం ఉన్నది. ఎరుపూ ఆకుపచ్చా కొట్టులో పక్కపక్కన దివ్యంగా ఉంటాయి. టోపీలోకి వచ్చేసరికి రెండింటి చిక్కదనం ఒకటే అయితే, నాలుగడుగుల దూరంనుంచి చూస్తే పువ్వూ లేదు, నేలా లేదు; అంతా ఒక మసక. అల్లడానికి ముందు ఆ రెండు ఉండలనూ పక్కపక్కన పెట్టి నలుపు తెలుపు ఫొటో తీసి చూడాలి. ఫొటోలో తేడా కనిపిస్తేనే టోపీలో కనిపిస్తుంది. ఆ పిమ్మట మచ్చు ముక్క. బెత్తెడు ముక్క ముందుగా అల్లి, తడిపి, ఆరబెట్టి, అంగుళానికి ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కించాలి. రెండు రంగుల అల్లిక ఒంటి రంగు అల్లికకంటే బిగుసుకుంటుంది గనుక, ఒంటి రంగు లెక్కతో మొదలుపెట్టిన టోపీ తండ్రి తలకు ఉద్దేశించినా తనయుడికే సరిపోతుంది. మచ్చు ముక్కను దండుగ అనుకునేవారు చివరకు టోపీనే మచ్చు ముక్కగా చేసుకుంటారు.

ఇవన్నీ అలవాటుతో వస్తాయి. అసలు పరీక్ష టోపీ వెనుకవైపున ఉన్నది. ఎర్ర కుట్లు వేస్తున్నంతసేపూ తెల్ల పోగు ఊరకుండదు. లోపలివైపున, కనపడకుండా, తన వంతు వచ్చేవరకు కుట్ల వెనుకగా నడుస్తూ ఉంటుంది. ఆ పోగును బిగించి లాగితే టోపీ ముడతలు పడి తలకు దూరదు. మరీ వదులుగా వదిలితే పెట్టుకునేటప్పుడు వేలో, చెవిపోగో తగులుకుంటుంది. అంగుళానికి మించి నడవవలసి వస్తే నడుమ ఒకచోట రెండవ పోగుతో మెలివేసి ఆపాలి. కుడి సూదిమీది కుట్లను కొంచెం విడదీసి పరచుకుని, ఆ వెడల్పు మేరకే వెనుక పోగును వదలడం ఇందులోని కిటుకు. ఈ నిదానం చేతికి పట్టడానికి కొత్తవారు మొదటి పది వరుసలను రెండుమూడు మార్లు విప్పవలసి రావచ్చును.

ఆ వెనుక పోగులు టోపీలోపల రెండవ పొరగా ఏర్పడతాయి. రెండు పొరల నడుమ గాలి నిలుస్తుంది. నిలిచిన గాలి చలిని ఆపుతుంది. ఒంటి రంగు టోపీకంటే రంగుల టోపీ వెచ్చగా ఉండడానికి కారణం ఇదే. చూసేవారు మెచ్చేది ముందువైపు పువ్వులనే; తలను కాపాడేది మాత్రం ఎవరూ చూడని ఆ వెనుక పోగులు. చలిదేశపు స్త్రీలు అందాన్నీ అవసరాన్నీ ఒకే అల్లికలో ఎలా ఇమిడ్చారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాము. పెద్దవారి తలకు సన్నని ఉన్నితో అల్లే టోపీకి చుట్టుకు 144 కుట్లు అనుకుందాము. అంచునుంచి నడినెత్తి మొదలయ్యేవరకు 55 చుట్లు. అంటే 7,920 కుట్లు. నిమిషానికి పదిహేను కుట్లు వేసే కొత్తవారికి ఇది దాదాపు తొమ్మిది గంటల పని. చేయి తిరిగి నిమిషానికి ముప్ఫై వేసేవారికి కూడా నాలుగు గంటల పైచిలుకే. ఇందులో నడినెత్తి ముడవడం లేదు, పోగుల కొసలు దాచడం లేదు, మచ్చు ముక్క లేదు, విప్పి మళ్లీ అల్లినది లేదు, తడిపి ఆరవేయడం లేదు. అవన్నీ కలుపుకుంటే, కొత్తగా నేర్చుకునేవారికి ఒక వారం సాయంకాలాలు చెల్లిపోతాయి. ఈ లెక్క కాగితంమీద చదివితే ఒక అంకె. వేళ్లతో చదివితే ఒక జ్ఞానం. అది కలిగిన మనిషి మళ్లీ సంతలో చేతి అల్లిక టోపీని పట్టుకుని, “సగానికిస్తావా?” అని అడగడానికి నోరు రాదు.

అడిగేవారు చరిత్రలో తక్కువ మంది కారు. షెట్లండ్ స్త్రీలు ఇంటిపని, పొలంపని చేస్తూనే అల్లేవారు. పొయ్యిలోకి కావలసిన పీటు మట్టిగడ్డలను బుట్టనిండా వీపున మోసుకుంటూ, నడుస్తూ నడుస్తూ అల్లేవారు. సూది కొసను ఆనించుకోవడానికి గుర్రపు వెంట్రుకలు కూరిన తోలు పటకా నడుముకు కట్టుకునేవారు. ఇంత చేసి వర్తకుడి వద్దకు సరకు తీసుకుపోతే చేతికి నాణెం రాలేదు. టీపొడి, గుడ్డ, లేదా అతని కొట్టులోనే చెల్లే చీటీ దక్కేవి. ఇంట్లో పిండి నిండుకున్న స్త్రీ ఆ టీపొడిని పొరుగువారికి నష్టానికి అమ్ముకుని పిండి తెచ్చుకోవలసి వచ్చేది. ఈ వస్తుమారక దోపిడీపై బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం షెట్లండ్‌కు వెళ్లి సాక్ష్యాలు తీసుకుని 1872లో నివేదిక ప్రకటించింది. అల్లేవారే వచ్చి తమకు డబ్బు ముట్టడం లేదని చెప్పిన సాక్ష్యాలు అందులో ఉన్నాయి. కోటి విద్యలు కూటి కొరకే అన్నారు మన పెద్దలు. విద్య చేతిలో ఉన్నా కూడు చేతికి రాని ఏర్పాటు అది.

అటు పిమ్మట కాలం మారింది. 1922లో వేల్స్ యువరాజు, తరువాత ఎనిమిదవ ఎడ్వర్డు అయినవాడు, సెంట్ ఆండ్రూస్‌లో గోల్ఫ్ ఆటకు ఫేర్ ఐల్ స్వెట్టరు ధరించి వచ్చాడు. దానితో ఆ అల్లికకు గొప్పవారి ఇళ్లలో గిరాకీ పుట్టింది. గిరాకీతోపాటు అనుకరణ కూడా పుట్టింది. నేడు “ఫేర్ ఐల్” అన్న మాట ఎక్కడో యంత్రంలో అల్లిన బట్టలకు కూడా తగిలిస్తున్నారు. 2015 డిసెంబరులో పారిస్ ఫ్యాషను సంస్థ షనెల్ తన ప్రదర్శనలో చూపిన అల్లికలు, ఫేర్ ఐల్‌లో ఉంటున్న మాటి వెంట్రియోన్ నమూనాలకు నకళ్లుగా ఉన్నాయని ఆమె బహిరంగంగా చెప్పింది. అంతకు కొన్నినెలల ముందు ఆ సంస్థవారు దీవికి వచ్చి ఆమె వద్ద అల్లికలు కొనుక్కుపోయారు. చివరకు సంస్థ క్షమాపణ చెప్పి ఆమె పేరు ప్రకటించింది. ఆమె గొంతు విప్పింది గనుక ఈ మాత్రమైనా జరిగింది. గొంతు విప్పలేనివారి మాట ఏమిటి?

ఆ ప్రశ్నకు మన గోదావరి ఒడ్డునే జవాబు ఉన్నది. పశ్చిమ గోదావరి నరసాపురం ప్రాంతంలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక తరతరాలుగా సాగుతున్నది. అది కొక్కెపు సూదితో దారాన్ని అల్లే విద్య. ఉన్ని అల్లికతో సమానం కాదు. కాని అల్లేవారి అవస్థలో పోలిక కనిపిస్తున్నది. జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఈ స్త్రీలను గురించి అధ్యయనం చేసి 1982లో ఒక గ్రంథం ప్రకటించింది. విదేశీ విపణికి సరకు తయారుచేస్తున్న ఈ స్త్రీలను శ్రామికులుగా లెక్కించకపోవడం ఆమె ఎత్తి చూపిన సంగతులలో ముఖ్యమైనది. వారు “ఇంటిపట్టున ఉండే ఆడవారు”, అల్లిక వారి “తీరుబడి పని.” తీరుబడి పనికి కూలి ఎందుకు? ఇచ్చినది చాలదా? ఈ ఒక్క మాట ఆసరాగా కూలి అట్టడుగున ఉండిపోయింది; వర్తకం మాత్రం మేడలు కట్టింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషించదగినదే. గుర్తింపు పేరును కాపాడుతుంది. అల్లే వేళ్లకు ముట్టే కూలిని దానంతట అది పెంచదు. ఆ పని కొనేవారు చేయవలసి ఉన్నది.

తీరుబడి అన్న మాటను నేను అనుమానంతో చూస్తాను. వంట ముగించి, అంట్లు తోమి, పసివాణ్ణి నిద్రపుచ్చి, కళ్లు మూతపడుతుండగా దీపం కింద కూర్చుని సూది పట్టుకున్న ఆడదానికి అది తీరుబడి ఎలా అవుతుంది? పని మానుకున్న సమయం తీరుబడి గాని, రెండవ పని మొదలుపెట్టిన సమయం కాదు. మగవాడు అదే గంటలో దుకాణంలో లెక్కలు రాస్తే దానిని ఉద్యోగమంటాము.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. “కానుక కోసం అల్లిన టోపీకి వెల కట్టడం ప్రేమకు వెల కట్టడం కాదా?” అని. కాదు. కానుకకు వెల ఉండకూడదన్న మాట నిజం. అల్లిన తల్లి బిడ్డకు బిల్లు పంపదు. పంపితే అది కానుక కాదు. కాని వెల అడగకపోవడం వేరు, వెల లేకపోవడం వేరు. తల్లి తన తొమ్మిది గంటలను తెలిసి, ఇష్టపడి ధారపోసింది. ఆ ధారపోయడంలోనే కానుక గొప్పదనం ఉన్నది. నరసాపురం స్త్రీ, షెట్లండ్ స్త్రీ తమ గంటలను ధారపోయలేదు. కూడు కోసం అమ్ముకున్నారు. వారి వద్ద కొనేటప్పుడు, “ఇది ప్రేమతో చేసే పని, డబ్బుతో కొలవరాదు” అని తియ్యగా మాట్లాడి తక్కువ ముట్టజెప్పడం అన్యాయం. ప్రేమించిన వారికి ఉచితంగా ఇవ్వండి. అల్లి బతికేవారికి పూర్తిగా చెల్లించండి. ఈ రెండు ధర్మాలనూ కలగాపులగం చేయడంవల్లనే ఇంత అనర్థం జరిగింది.

“అయితే ఇంటింటా అల్లుకుంటే చేతిపనివారి బతుకుతెరువు పోదా?” అని మరొకరు అడగవచ్చును. అనుభవం అందుకు విరుద్ధంగా ఉన్నది. షెట్లండ్‌లో 2010 మొదలుకొని ఏటా ఉన్ని వారోత్సవం జరుపుతున్నారు. ఆ సందర్భంగా ఒక టోపీ నమూనాను ప్రకటిస్తారు. 2015నాటి టోపీమీద చుట్టూ గొర్రెలు నిలబడి ఉంటాయి. దేశదేశాలవారు ఆ నమూనా చూసి అల్లుకుని, అవే టోపీలు పెట్టుకుని ఆ చలి దీవులకు వెళుతూ ఉంటారు. తమకు అల్లిక వచ్చు గదా అని అక్కడివారి వద్ద కొనకుండా వస్తున్నారా? ఉన్ని కొంటారు, అక్కడి చేతిపనివారి వద్ద పాఠాలు నేర్చుకుంటారు. ఒక స్వెట్టరు ధర విని ఉలిక్కిపడరు, ఎందుకంటే అందులో ఎన్ని గంటలు ఉన్నాయో తమ వేళ్లకు తెలుసు. సంగీతం నేర్చుకున్నవారే కచేరీకి టికెట్టు కొంటారు. విద్య రానివారు చేతిపనివారికి మంచి ఖాతాదారులనుకోవడం భ్రమ.

కొట్టులో దొరికే టోపీమీద నాకు ద్వేషం లేదు. చలి ముంచుకువచ్చినవాడు ముందు కొట్టుకు వెళ్లాలి. అత్తగారు అల్లి పంపేవరకు చెవులు ఆగవు. యంత్రంలో కూడా రంగుల అల్లిక చక్కగా వస్తుంది. అయితే చేతి అల్లికను కొనడానికి వచ్చి, దానిని యంత్రం సరకు ధరతోనే సరితూచి, ఈ పువ్వు ఒక కుట్టు అటుగా ఉన్నదే, ఆ అంచు రవ్వంత వంకరగా ఉన్నదే అని బేరానికి దిగేవారి ధోరణి గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరుకోవడంవంటిది. చేతిపని కావాలి గాని చేయి కనపడకూడదు అంటే ఎలా?

కనుక నా మనవి ఇది. అల్లిక తెలిసినవారు ఈ శీతకాలానికి ఒక్క రంగుల టోపీ అల్లి చూడండి. తెలియనివారు, మగవారు సహా, నేర్చుకుని అల్లండి. తకీలే దీవి మగవారికి లేని నామోషీ మనకెందుకు? మొదటి టోపీకి రెండు రంగులు చాలు. రెంటి నడుమ చిక్కదనంలో తేడా ఉండాలి. నాలుగైదు కుట్లకు మించి ఒకే రంగు వరుసగా రాని చిన్న నమూనా తీసుకోవాలి. ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు ఆపారో ప్రతిదినం ఒక కాగితంమీద రాసుకోండి. విప్పిన గంటలు కూడా రాయండి, అవీ పనిగంటలే. టోపీ ముగిసిన నాడు ఆ గంటలన్నీ కూడండి. మీ ఊళ్లో తాపీ పనివానికో వడ్రంగికో ఇచ్చే గంట కూలితో హెచ్చించండి. వచ్చిన మొత్తాన్ని టోపీతో పంపవద్దు. మీ వద్దనే భద్రపరచుకోండి. ఈసారి లేసు గుడ్డో, చేతి అల్లికో కొనడానికి వెళ్లినప్పుడు ఆ కాగితం ఒకమారు తీసి చూసుకోండి. అమ్మే మనిషి చెప్పిన ధర మీకు అప్పుడు ఎక్కువ అనిపించదు. దానిలో అల్లినవారి చేతికి ఎంత ముడుతున్నదని అడగాలనిపిస్తుంది. అలా అడిగేవారు పదిమంది అయితే దళారి సర్దుకుంటాడు. వందమంది అయితే జవాబు సిద్ధం చేసుకుంటాడు. వేలమంది అయితే కూలి పెంచక తప్పదు.

టోపీ అందుకునే వారికి కూడా ఒక మాట. పార్సెల్ విప్పగానే పెట్టుకుని అద్దం ముందు నిలబడడం మానవ సహజం. అందం చూసుకున్న తరువాత ఒకసారి తీసి లోపలివైపు తిరగవేసి చూడండి. పువ్వులేవీ కనిపించవు. పక్కపక్కన, ఒకే నిదానంతో, ఒకదాని బరువు మరొకటి మోస్తున్నట్లు నడిచిన పోగులు కనిపిస్తాయి. మీ తలకు తగిలేది ఆ వైపే.